అల్లుడు ఇల్లరికం వచ్చే దేశం భూటాన్

'ఆడపిల్ల అంటేనే ఆడ పిల్ల. ఎప్పటికైనా అత్తారింటికి పోయేదేగా!' ఈ మాట మన ఇళ్లల్లో ఎన్నిసార్లు విని ఉంటారో మీరే లెక్క వేసుకోండి. ఆస్తి ప్రసక్తి వస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకూ కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ 1986లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. 2005లో దేశమంతటా ఆడపిల్లలకు ఆ హక్కు దక్కింది. అయినా 'పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదమ్మా' అని చెప్పి, సంతకం పెట్టించుకునే అన్నదమ్ములు ఇప్పటికీ లేకపోలేదు.

మరి కూతురికే ఇల్లు, కూతురికే పొలం ఇచ్చి, పెళ్లయ్యాక అల్లుడే సంచీ సర్దుకుని అత్తారింటికి వచ్చే దేశం ఒకటుందంటే నమ్ముతారా? అదెక్కడో సముద్రాల అవతల లేదు. మన పొరుగునే, హిమాలయాల ఒడిలో ఉంది. అదే భూటాన్.

ఉరిమే డ్రాగన్ దేశం

భూటాన్‌ను అక్కడివాళ్లు 'డ్రుక్ యుల్' అంటారు. అంటే ఉరుముల డ్రాగన్ నేల అని అర్థం. ఉత్తరాన టిబెట్, మిగతా మూడు వైపులా మన దేశమే. సిక్కిం, పశ్చిమ బెంగాల్, అస్సాం, అరుణాచల్ ప్రదేశ్ దాని ఇరుగు పొరుగు. సముద్రం మాటే లేదు. వైశాల్యం 38 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అంటే మన తెలంగాణలో మూడో వంతు అనుకోండి. జనాభా ఏడున్నర లక్షలకు అటూ ఇటూ. మన హైదరాబాద్‌లో ఓ మూలకు సరిపోతారు!

రాజధాని థింపూ. అక్కడ ట్రాఫిక్ లైట్లు లేవు. ఒకసారి పెట్టి చూశారు గానీ, జనానికి నచ్చక తీసేశారు. కూడలిలో రంగులు వేసిన చిన్న మండపంలో పోలీసు నిలబడి, తెల్ల చేతి తొడుగులతో నాట్యం చేస్తున్నట్టు చేతులు ఊపుతూ బండ్లను పంపిస్తాడు.

ఈ దేశంలో ఎటు చూసినా 'జోంగ్'లు కనిపిస్తాయి. సగం కోట, సగం బౌద్ధ మఠం. ఒక వైపు ప్రభుత్వ కచేరీ, ఇంకో వైపు భిక్షువుల ప్రార్థన. అన్నిట్లోకీ అందమైనది పునాఖా జోంగ్. భూటాన్‌ను ఒక్కటి చేసిన మత గురువు న్గవాంగ్ నంగ్యాల్ 1637-38లో కట్టించాడు. రెండు నదులు కలిసేచోట ఉంటుంది. వాటిలో ఒకటి ఫో ఛూ, అంటే మగ నది. రెండోది మో ఛూ, అంటే ఆడ నది.

ఇక పారో లోయలో, నిట్టనిలువు కొండచరియకు పిట్టగూడులా అతుక్కుని ఉన్న తాక్‌సాంగ్ మఠాన్ని మీరు ఫోటోల్లో చూసే ఉంటారు. పేరుకు అర్థం 'పులి గుహ'. ఎనిమిదో శతాబ్దంలో పద్మసంభవుడు ఆడపులి మీద ఎగిరి వచ్చి ఇక్కడ ధ్యానం చేశాడని అక్కడివారి నమ్మకం. ఆ పులి ఆయన శిష్యురాలు, సహచరి యేషే సోగ్యాలేనట! 1692లో కట్టిన ఈ మఠం 1998లో అగ్నిప్రమాదంలో కాలిపోతే, 2005 నాటికి మళ్లీ అచ్చం పాతదానిలాగే కట్టుకున్నారు.

వీళ్లు పాటించేది వజ్రయాన బౌద్ధం. దీనికీ మనకూ ఒక చుట్టరికం ఉంది. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని మొదట బోధించింది మన ధాన్యకటకంలోనే, అంటే గుంటూరు దగ్గరి అమరావతిలోనే అని ఈ సంప్రదాయం వాళ్లు నమ్ముతారు. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర ఉత్సవం జరిపింది అందుకే.

రాజే వద్దన్న రాచరికం

1907 డిసెంబరు 17న ఉగ్యెన్ వాంగ్‌చుక్ మొదటి రాజయ్యాడు. అదే వంశం ఇప్పటికీ ఏలుతోంది. 1958లో మన ప్రధాని నెహ్రూ భూటాన్ వెళ్లినప్పుడు కారు వెళ్లే రోడ్డే లేదు. కూతురు ఇందిరతో కలిసి గుర్రాల మీద, జడలబర్రెల మీద కొండలు దాటి పారో చేరారు. ఆ తర్వాతే మన వాళ్ల సాయంతో మొదటి రోడ్డు పడింది. మూడో రాజు జిగ్మే దోర్జీ వాంగ్‌చుక్ వెట్టి బానిసత్వాన్ని రద్దు చేశాడు.

నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ నలుగురు అక్కచెల్లెళ్లను పెళ్లాడాడు. మీరు ముక్కున వేలు వేసుకునేలోపే ఇంకో సంగతి చెప్పాలి. జనం అడక్కపోయినా 'రాజు ఒక్కడి చేతిలో దేశం ఉండకూడదు' అని పట్టుబట్టి ప్రజాస్వామ్యం తెచ్చింది ఆయనే. 2006లో కొడుక్కి గద్దె అప్పగించి పక్కకు తప్పుకున్నాడు. 2008లో ఎన్నికలు జరిగాయి, రాజ్యాంగం వచ్చింది. రాజు కూడా 65 ఏళ్లకు పదవి దిగిపోవాలని అందులో రాసి ఉంది. ఐదో రాజు జిగ్మే ఖేసర్ 2011లో జెట్‌సున్ పేమాను పెళ్లాడాడు. ఆయనకు మాత్రం రాణి ఆవిడొక్కతే.

ఇల్లు కూతురిదే

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. పశ్చిమ, మధ్య భూటాన్ పల్లెల్లో ఇల్లూ పొలమూ తల్లి నుంచి కూతురికి వస్తాయి. మామూలుగా తల్లిదండ్రుల్ని చూసుకునే కూతురికే ఇల్లు. అల్లుడు వచ్చి ఆ ఇంట్లో మనిషవుతాడు, ఆ పొలం దున్నుతాడు. మనకు ఇల్లరికం అంటే కాస్త చిన్నచూపు కదూ? అక్కడ అదే మర్యాద. పొసగక విడిపోతే సామాను సర్దుకుని వెళ్లేది మగవాడే. ఆడదాని తల మీద కప్పు మాత్రం చెక్కు చెదరదు.

దక్షిణాన ఉండే నేపాలీ మాట్లాడే కుటుంబాల్లో మాత్రం మనలాగే ఆస్తి కొడుకులది.

అయితే ఇల్లు చేతిలో ఉంటే అన్నీ ఉన్నట్టేనా? అక్కడే తిరకాసు. ఇంటి పెత్తనంతో పాటు వంట, పొలం, పశువులు, ముసలివాళ్ల సేవ కూడా ఆవిడ నెత్తినే పడతాయి. ఊరి మీటింగులకు ఆడవాళ్లు బాగానే వెళ్తారు గానీ, కుర్చీ దగ్గరికొచ్చేసరికి మగవాళ్లదే ముందు వరుస. తొలి మహిళా మంత్రిగా దోర్జీ ఛోడెన్ పదవిలోకి వచ్చింది 2013లో. 2024లో ఏర్పడిన జాతీయ అసెంబ్లీలో 47 మందికి గాను గెలిచిన ఆడవాళ్లు ఇద్దరంటే ఇద్దరే! ఇళ్లల్లో దెబ్బలూ తప్పలేదు కాబట్టే గృహహింస నిరోధానికి 2013లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. పట్టా మన పేరు మీద ఉండటం చాలా పెద్ద అండే. కానీ అదొక్కటే సరిపోదని భూటాన్ ఆడవాళ్ల కథ మనకు చెబుతోంది.

కుట్టు లేని కట్టు

అక్కడి ఆడవాళ్లు కట్టేది 'కిరా'. మన చీరలాగే కుట్టు లేని గుడ్డ. ఒంటికి చుట్టుకుని భుజాల దగ్గర వెండి కొక్కేలతో బిగిస్తారు. పైన 'తేగో' అనే పొట్టి కోటు. మఠాలకో, కచేరీలకో వెళ్లేటప్పుడు ఎడమ భుజం మీద 'రాచు' అనే పట్టీ ఉండి తీరాలి. మగవాళ్లది 'ఘో', మోకాళ్ల దాకా ఉండే అంగీ.

నేత పని అక్కడ ఆడవాళ్ల చేతిలోనిదే. మగ్గం పట్టీని నడుము వెనక్కి కట్టుకుని, కింద కూర్చుని నేస్తారు. లుయెంత్సే జిల్లా ఖోమా ఊళ్లో నేసే 'కిషుతారా' పట్టు కిరా చూస్తే మన గద్వాల, పోచంపల్లి నేతగాళ్లు కూడా భేష్ అంటారు. ఒక్కటి నేయడానికి నెలలు పడుతుంది.

మిరపకాయే కూర!

కారం తినడంలో మనకు సాటి లేరనుకుంటాం కదా. భూటాన్ వాళ్ల ముందు మనం కాస్త తగ్గాల్సిందే! మనం కూరలో మిరపకాయ వేస్తాం. వాళ్లు మిరపకాయలనే కూర చేస్తారు. దాని పేరు 'ఎమా దాత్షి'. ఎమా అంటే మిరప, దాత్షి అంటే జున్నులాంటి చీజ్. మజ్జిగను వెచ్చజేసి విరగ్గొట్టి, ముద్ద చేసి దాత్షి తయారు చేస్తారు. పూటకో కూర మారినా ఇది మాత్రం ఉండాల్సిందే, పక్కన ఎర్రబియ్యం అన్నం. శరత్కాలంలో ఇళ్ల కప్పుల మీద ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు చూస్తే మీకు గుంటూరు గుర్తురాక మానదు. భోజనం అయ్యాక 'దోమా' వేసుకుంటారు. అదేమిటో కాదు, తమలపాకు, వక్క, సున్నం!

ఈ ఆదివారం మీరూ చేసి చూడండి.

కావలసినవి: కారం తక్కువ ఉండే బజ్జీ మిరపకాయలు పావు కిలో, ఉల్లిపాయ ఒకటి, టమాటాలు రెండు, వెల్లుల్లి రెబ్బలు అయిదు, చీజ్ 150 గ్రాములు, వెన్న ఒక చెంచా, ఉప్పు తగినంత.

చేసే విధానం: మిరపకాయల్ని నిలువుగా నాలుగు చీలికలు చేసి గింజలు తీసేయండి. మిరపకాయలు, ఉల్లి ముక్కలు గిన్నెలో వేసి, గ్లాసున్నర నీళ్లు, వెన్న చేర్చి సన్న సెగ మీద పది నిమిషాలు ఉడికించండి. టమాటా ముక్కలు, దంచిన వెల్లుల్లి వేసి మరో మూడు నిమిషాలు ఉంచండి. తర్వాత చీజ్ తురుము చల్లి, మూతపెట్టి, రెండు నిమిషాలయ్యాక నెమ్మదిగా కలిపి దించేయండి. చీజ్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి, రుచి చూసుకుని ఉప్పు ఆఖర్న వేసుకోవాలి. తిరగమోత అక్కర్లేదు. పిల్లలకైతే మిరపకాయల బదులు బంగాళాదుంప ముక్కలతో చేయండి. దాన్ని 'కెవా దాత్షి' అంటారు.

ఆనందాన్ని కొలిచే సర్కారు

'దేశానికి ఎంత డబ్బుంది అని కాదు, జనం ఎంత ఆనందంగా ఉన్నారో చూడాలి' అన్నది నాలుగో రాజు సిద్ధాంతం. దాన్నే స్థూల జాతీయ ఆనందం అంటున్నారు. చదువు, ఆరోగ్యం, నిద్ర, ఇరుగుపొరుగుతో సఖ్యత లాంటివన్నీ సర్వేలో అడుగుతారు. ఐక్యరాజ్య సమితి మార్చి 20ని ఆనంద దినోత్సవంగా ప్రకటించిందంటే అదీ భూటాన్ చలవే.

ఉత్త మాటలు కావు. ప్రభుత్వాసుపత్రిలో వైద్యం ఉచితం. పదో తరగతి దాకా చదువు ఉచితం. నేలలో నూటికి 60 పాళ్లు ఎప్పటికీ అడవే ఉండాలని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. నిజానికి ఇప్పుడు 70 పాళ్ల దాకా ఉంది. ఫోబ్జిఖా లోయకు చలికాలంలో నల్లమెడ కొంగలు వలస వస్తాయి. వాటి రెక్కలకు తగలకూడదని కరెంటు తీగల్ని భూమిలోంచి వేశారు! దేశానికి ముఖ్యమైన రాబడి నదుల మీది జలవిద్యుత్తు. వానాకాలంలో మిగిలిన కరెంటును మనకే అమ్ముతారు. టీవీ వచ్చింది 1999లోనే.

చీర కట్టుకోకూడదన్నారు

ఇంత ముచ్చటగా ఉన్న దేశంలో కన్నీళ్లు లేవా అంటే, ఉన్నాయి. అవి చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. దక్షిణ భూటాన్‌లో తరాలుగా ఉన్న నేపాలీ మాట్లాడే జనాన్ని 'ల్హోత్షాంపా'లు అంటారు. 1985లో కొత్త పౌరసత్వ చట్టం వచ్చింది. 1988 జనగణనలో '1958 నాటి కాగితం చూపించండి' అన్నారు. 1989 నుంచి అందరూ కిరా, ఘోలే వేసుకోవాలన్నారు. చీర కట్టే ఆడవాళ్లు బయటికొస్తే చీర విప్పాల్సిన పరిస్థితి. బడుల్లో నేపాలీ పాఠం ఆగిపోయింది. 1990లో నిరసనలు లేచాయి, అణచివేత మొదలైంది. దాదాపు లక్షమంది ఇళ్లూ పొలాలూ వదిలి తూర్పు నేపాల్ శిబిరాలకు చేరారు. వెదురు గుడిసెల్లో పద్దెనిమిది, ఇరవయ్యేళ్లు గడిపారు. 2007 నుంచి లక్షమందికి పైగా వేరే దేశాలకు వెళ్లి స్థిరపడ్డారు. ఎక్కువమంది అమెరికాకే. మీ పిల్లలు ఒహాయోలోనో, పెన్సిల్వేనియాలోనో ఉంటే, పక్క వీధిలోనే ఆ కుటుంబాలు ఉండి ఉండొచ్చు.

ఆనందాన్ని కొలిచేటప్పుడు ఇంట్లోంచి వెళ్లగొట్టిన వాళ్లను లెక్కలోంచి తీసేస్తే, ఆ లెక్క సరైనదేనా? మీరే ఆలోచించండి.

ఖాళీ అవుతున్న ఇళ్లు

ఇప్పుడు మరో దిగులు. చదువుకున్న యువతకు ఉద్యోగాల్లేవు. 2022లో పని వెతుక్కునే యువతలో నూటికి 28 మందికి పైగా నిరుద్యోగులే. దాంతో పిల్లలు ఆస్ట్రేలియా దారి పట్టారు. టీచర్లు, నర్సులు కూడా ఉన్న ఉద్యోగాలు వదిలి వెళ్తున్నారు. తాళం పడ్డ పల్లె ఇళ్లను 'గుంగ్‌టాంగ్' అని పిలుస్తారు. గెలెఫూలో కొత్త నగరం కడతామని రాజు 2023 డిసెంబరులో ప్రకటించాడు. పిల్లలు తిరిగొస్తారని ఆశ.

ఒక్కసారి ఆ తల్లి మనసు ఊహించుకోండి. తన తల్లి తనకిచ్చిన ఇల్లు. తాను కూతురికివ్వాలని కాపాడిన ఇల్లు. తీరా కూతురు పెర్త్‌లోనో, సిడ్నీలోనో ఉద్యోగం చేసుకుంటూ వీడియో కాల్‌లో 'ఎలా ఉన్నావమ్మా?' అంటోంది. ఆ ఇంటి పొలం దున్నేదెవరు? ఈ బాధ మనకు కొత్తా? మన గోదావరి జిల్లాల్లో, కృష్ణా, గుంటూరు పల్లెల్లో ఎన్ని మేడలకు ముసలి తల్లిదండ్రులు కాపలా ఉన్నారో మనకు తెలియదా!

మీరు వెళ్లాలనుకుంటే

మనకు వీసా అక్కర్లేదు, అనుమతి పత్రం చాలు. పాస్‌పోర్టు గానీ ఓటరు గుర్తింపు కార్డు గానీ ఉండాలి. ఆధార్ చెల్లదు, జాగ్రత్త. పిల్లలకు జనన ధ్రువపత్రం తీసుకెళ్లండి. బెంగాల్‌లోని జైగావ్ దాటితే ఎదురుగా ఫుంత్షోలింగ్ ద్వారం. రైల్లో అయితే న్యూ జల్‌పాయ్‌గురి లేదా హాసిమారా దాకా వెళ్లి, అక్కణ్ణుంచి రోడ్డు మీద పోవచ్చు. మన దేశస్తులు రాత్రికి మనిషికి 1,200 రూపాయల రుసుం కట్టాలి. వాళ్ల న్గుల్ట్రుమ్ మన రూపాయితో సమానం. గడియారం అరగంట ముందుకు తిప్పుకోవడం మరిచిపోకండి.

వెళ్లినా, వెళ్లకపోయినా, భూటాన్ నుంచి మనం ఒక్కటి తెచ్చుకోవచ్చు. ఈసారి ఇంట్లో ఆస్తి మాట వచ్చినప్పుడు 'ఆడపిల్లకెందుకు?' అని ఎవరైనా అంటే, ఎమా దాత్షి వడ్డిస్తూ ఆ దేశం సంగతి చెప్పండి. కారం కాస్త ఘాటుగానే తగులుతుంది. తగలనివ్వండి!