జామాయిల్ కింద మొక్కలు ఎందుకు బతకవు?

ఖమ్మం వైపో, ప్రకాశం వైపో జామాయిల్ తోటలోకి వెళ్లి చూడండి. ఆకులు నిలువుగా వేలాడతాయి కాబట్టి ఎండ నేలదాకా దిగుతుంది. అయినా కింద గడ్డి పలచనే. ఎందుకు? తగువంతా ముఖ్యంగా నీళ్ల దగ్గరే. నేల పైపొరలో అల్లుకున్న వేర్లు వాన తడిని ముందే పీల్చేస్తాయి. రాలిన ఆకుల్లోని నూనెలు, ఇతర రసాయనాలు గింజల్ని సరిగా మొలవనివ్వవు. బాగా ఎండిన ఆ మట్టిమీద నీళ్లు పోస్తే ఒక్కోసారి ఇంకకుండా ముత్యాల్లా దొర్లిపోతాయి!

మరి పెంచడం ఎలా? తొలకరి పడ్డాక, పెద్ద వేర్లు తెగకుండా చిన్న గుంత తీసి కలబంద పిలక నాటండి. అది మొండిది. నీళ్లు మెల్లగా, ఇంకేలా పోయాలి. మొదటి వేసవి గట్టెక్కేదాకా ఈ చాకిరీ తప్పదు. కుండీ అయితే ఇటుకల మీద పెట్టండి. నేలమీదే ఉంచితే అడుగు చిల్లులోంచి చెట్టు వేర్లు దూరి ఆ నీళ్లూ తాగేస్తాయి.