చీకటిగది నేర్పిన పెద్దఱికము

వైద్యుడనగానే మన కన్నులయెదుట నిలుచు రూపమొకటి కలదు. మెడలో స్టెతస్కోపు, రోగి మణికట్టుపై వ్రేళ్లు, నోట ధైర్యవచనము. రోగి యతనిని చూచును. అతడు రోగిని చూచును. కాని ప్రతి పెద్ద ఆసుపత్రియందును రోగికి కనబడకుండ పనిచేయు వైద్యుడు మఱొకడు కలడు. ఎముక యెచ్చట విరిగినదో, ఊపిరితిత్తిలోని మచ్చ క్షయయో కాదో, పొట్టలోని గడ్డ ఎంతవఱకు ప్రాకినదో పరికించి, కాగితముపై నాలుగు పంక్తులు వ్రాసి పంపువాడతడే. అతనిని జనులు ఎక్స్‌రే డాక్టరందురు, ఆసుపత్రివారు రేడియాలజిస్టందురు. శస్త్రవైద్యుడు కత్తి పట్టుటయు, పట్టక మానుటయు పెక్కుసారులు ఆ నాలుగు పంక్తులపై నాధారపడి యుండును.

రోగికి పేరైనను తెలియని యీ వైద్యుడు పదిమందికి నాయకుడగుట యెట్లు? పెద్దఱికమనగా వేదికపై గంభీరముగా మాటలాడుట యని మనమనుకొందుము. ఈ వృత్తిలో పెద్దలైనవారి జీవితములను చూచినచో ఆ యభిప్రాయము మారును. అట్టి యైదుగురి కథను నేడు మనము స్మరింతము.

ఈ శాస్త్రము పుట్టిన దినము మనకు తెలియును. 1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వూర్ట్స్‌బుర్గ్ నగరమున భౌతికశాస్త్రాచార్యుడు విల్హెల్మ్ రాంట్‌గెన్ తన ప్రయోగశాలలో ఒక క్రొత్త కిరణమును కనుగొనెను. ఏడాది తిరుగకమునుపే అది ఎన్నో దేశముల వైద్యుల చేతికి వచ్చెను. 1901లో భౌతికశాస్త్రమునకిచ్చిన మొట్టమొదటి నోబెల్ బహుమానము రాంట్‌గెన్‌కే లభించెను. కాని ఆయన వైద్యుడు కాడు. కిరణము దొరికినది, దానిని రోగి మేలునకు వాడుట నేర్పు గురువు మాత్రము లోకమున ఒక్కడును లేడు. శిష్యులే తమకు తాము గురువులు కావలసి వచ్చిన విద్య యిది.

అట్లు గురువైనవారిలో అగ్రగణ్యుడు పారిస్ వైద్యుడు ఆంత్వాన్ బెక్లేర్. ఆయన 1856లో జన్మించెను. ఎక్స్‌రే వార్త వినునప్పటికి ఆయనకు నలువదియేండ్లు. మంచి పేరుగల వైద్యుడు. రోగనిరోధకశక్తిపై పరిశోధనలు చేసినవాడు. ఆ వయసున, ఆ స్థితిలో, క్రొత్త విద్యకు విద్యార్థి యగుటకు ఎందఱు సాహసింతురు? ఆయన తన సొంత ధనముతో యంత్రము కొని ఆసుపత్రిలో నిలిపెను. తాను నేర్చుకొనుచునే ఇతరులకు పాఠములు చెప్పసాగెను. వైద్యుడై యుండి ఛాయాచిత్రములు తీయువాడైనాడని తోడి వైద్యులు కొందఱు ఎద్దేవ చేసిరని చెప్పుదురు. ఆయన వారితో వాదమునకు దిగలేదు. పని చేసి చూపెను.

బెక్లేర్ చేసిన పనులలో చూచుటకు చిన్నదై ఫలితమున మిక్కిలి పెద్దదైనది యొకటి కలదు. ఆ దినములలో వైద్యుడు రోగిని తెరవెనుక నిలిపి, కిరణము సోకి మినుకుమినుకుమను తెరపై గుండెను ఊపిరితిత్తులను చూచెడివాడు. ఆ వెలుగు మిక్కిలి మందము. మిట్టమధ్యాహ్నము ఎండలోనుండి సినిమాహాలులోనికి పోయినవానికి కుర్చీ కనబడక తడుముకొనుట మనమెఱిగినదే. కొంతసేపు కూర్చుండినచో ప్రక్కవాని మొగము సయితము కనబడును. చీకటిలో చూచుటకు కంటిలో వేరే కణములు కలవు. అవి మేలుకొనుటకు కాలము పట్టును. ఈ సూత్రమును 1899లో బెక్లేర్ ఎక్స్‌రే పరీక్షకు అన్వయించి చెప్పెను. పరీక్షకు మునుపు వైద్యుడు చీకటిలో ఓపికతో కూర్చుండవలెను; అట్లు కూర్చుండనివాడు తెరపై నేమియు లేదని చెప్పినచో ఆ మాటకు విలువ లేదు.

ఇది కంటికి చెప్పిన మాటయే యైనను బుద్ధికిని వర్తించును. క్రొత్తగా ఒక శాఖకు పెద్దగా వచ్చినవాడు మొదటి దినముననే లోపములు లెక్కపెట్టనారంభించినచో, వాడు ఎండలోనుండి అప్పుడే లోనికి వచ్చినవాడు. కన్ను కుదుటపడువఱకు ఆగుట నాయకునికి మొదటి పాఠము.

రెండవ పాఠము దుఃఖముతో కూడినది. వియన్నా నగర వైద్యుడు గీడో హోల్ట్స్‌క్నెష్ట్ 1872లో జన్మించెను. ఆ తొలి దినములలో గొట్టమునుండి వచ్చు కిరణమునకెంత బలమున్నదో తెలిసికొనుటకు వైద్యులు తమ చేతినే దానికడ్డము పెట్టి తెరపై ఎముకలను చూచుకొనెడివారు. నొప్పి లేదు, వేడి లేదు. కావున భయమును లేదు. కొన్నియేండ్లకు చర్మము ఎండి పగిలెను, పుండ్లు పడెను, అవి క్యాన్సరుగా మారెను. ఎంత మోతాదు ఒంటిలోనికి పోవుచున్నదో కొలుచు సాధనము లేకపోవుటయే ఈ యనర్థమునకు మూలమని హోల్ట్స్‌క్నెష్ట్ గ్రహించెను. 1902లో ఆయన, కిరణము సోకినకొలది రంగు మారు ఉప్పుబిళ్లల సాయమున మోతాదును కొలుచు పరికరము నొకదానిని నిర్మించెను. ఔషధమునకు తులము, గురిగింజ కొలతలున్నట్లు కిరణమునకును ఒక కొలత యేర్పడెను. ఆ కొలత నిచ్చినవానిని మాత్రము కిరణము విడిచిపెట్టలేదు. వ్రేళ్లు, తరువాత చేయి తీసివేయవలసి వచ్చెను. 1931లో ఆయన మరణించెను.

1936లో జర్మనీలోని హాంబుర్గ్ నగరమున ఒక ఆసుపత్రి యావరణలో ఇట్లు ప్రాణములర్పించిన వారికొఱకు స్మారకశిల నొకదానిని నిలిపిరి. ఆనాడు దానిపై చెక్కిన పేర్లు 169, పదునైదు దేశములవారివి. తరువాత మఱికొన్ని పేర్లు చేర్చబడెను. వారిలో వైద్యులే గాక భౌతికశాస్త్రజ్ఞులు, సాంకేతిక నిపుణులు, దాదులు కలరు. కిరణము పదవిని చూడలేదు. బెక్లేర్ మొదటినుండియు సీసపు కవచము మొదలగు రక్షణలను పాటించినవాడు. ఎనుబదిమూడవ యేట, 1939లో, కన్నుమూయువఱకు ఆయన చేతులు చెక్కుచెదరలేదు.

నేడు ఎక్స్‌రే గదిలో పనిచేయువారు రొమ్ముపై చిన్న బ్యాడ్జి నొకదానిని ధరింతురు. అది వారికి సోకిన కిరణపు లెక్కను చెప్పును. తనక్రింద పనిచేయు కుఱ్ఱవాని బ్యాడ్జి లెక్క తనకు తెలియదని చెప్పు అధికారి, ఎన్ని పట్టములున్నను పెద్ద కాడు. ‘ఏమియు కాదులే, కానిమ్ము’ అను మాట ధైర్యమువలె వినబడును. హాంబుర్గ్ శిల ఆ మాటకు సమాధానము.

మూడవ జీవితము ఒక స్త్రీది. ఆలిస్ ఎటింగర్ 1899లో బెర్లినులో జన్మించి వైద్యురాలయ్యెను. తెరపై చూచుచుండగా అనుమానము తోచిన చోట ఆ క్షణముననే చిత్రము తీయుట కనువైన సాధనమొకటి అప్పుడు జర్మనీలో రూపొందెను. జీర్ణకోశపు పుండ్లను పట్టుకొనుటకు అది మిక్కిలి తోడ్పడెను. 1932లో ఆమె ఆ సాధనమును వెంటగొని, దానిని వాడుట నేర్పుటకు అమెరికాలోని బోస్టన్ నగరమునకు పోయెను. ఆఱు వారములుండి తిరిగి వచ్చుట ఏర్పాటు. మఱుసటి యేడు జర్మనీ హిట్లరు చేతబడెను. ఆఱు వారములకై పోయిన ఆమె జీవితాంతము అక్కడనే యుండిపోయెను. 1959లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో రేడియాలజీ శాఖకు మొదటి అధ్యక్షురాలయ్యెను. 1993లో ఆమె చనిపోవునప్పటికి, ఆమెవద్ద చిత్రములు చదువుట నేర్చిన వైద్యులు పలుచోట్ల పనిచేయుచుండిరి.

ఆమె ఖ్యాతి ప్రధానముగా బోధనవలన వచ్చినది. రేడియాలజీలో బోధన యనగా ఉపన్యాసము కాదు. గురువును శిష్యుడును ఒకే చిత్రము ముందు కూర్చుందురు. ‘నీకేమి కనబడుచున్నది?’ అని గురువడుగును. శిష్యుడు తడబడును. గురువు ఉత్తరము చెప్పక వేచియుండును. ఆ మౌనముననే వైద్యుడు తయారగును. ముందుగా ఉత్తరము చెప్పివేయు గురువు తన విద్యను ప్రదర్శించును. వేచియుండు గురువు దానిని దానము చేయును.

నాల్గవవాడు అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రపు చార్లెస్ డాటర్. 1952లో, ముప్పదిరెండేండ్ల ప్రాయముననే, అక్కడి వైద్యకళాశాలలో రేడియాలజీ శాఖాధిపతియయ్యెను. 1985లో మరణించువఱకు ఆ పీఠముననే యుండెను. అంతవఱకు రేడియాలజిస్టు పని చూచుట, చెప్పుట. రక్తనాళములోనికి సన్నని గొట్టమును పంపి చిత్రము తీయునప్పుడు, ఆ గొట్టముతోనే మూసుకొనిపోవుచున్న నాళమును ఏల తెఱవరాదని డాటర్ ప్రశ్నించెను. 1964 జనవరి 16వ తేదీన ఎనుబదిరెండేండ్ల వృద్ధురాలొకతె ఆయనయొద్దకు వచ్చెను. తొడలోని ధమని సన్నగిల్లి, రక్తము చాలక పాదము కుళ్లుచుండెను. కాలు తీసివేయవలెనని వైద్యులనిరి, ఆమె సమ్మతింపలేదు. డాటర్ మొదట సన్నని తీగను, దానిపైనుండి ఒకదానికంటె నొకటి లావైన గొట్టములను పంపి ఆ యిఱుకును వెడల్పు చేసెను. చల్లబడిన పాదము వెచ్చబడెను. ఆమె జీవించినంతకాలము తన కాళ్లపైననే నడిచెను.

ఇట్టి పనిని చూచి స్వదేశపు శస్త్రవైద్యులు పలువురు ఆయనను పిచ్చివాడనిరి. ఐరోపా వైద్యులు ఆ పద్ధతి నందుకొనిరి. వారినుండి నేర్చిన ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ 1977లో జ్యూరిచ్ నగరమున బుడగతో గుండె ధమనిని తెఱచెను. నేడు మన పట్టణములలో సయితము జరుగుచున్న ఆంజియోప్లాస్టీకి మూలమిదియే. డాటర్ చరిత్రలో మఱొక మెచ్చదగిన విషయము కలదు. 1964లో ఆయన ఈ పద్ధతినిగూర్చి ప్రకటించిన వ్యాసమున తన శిష్యుడు మెల్విన్ జడ్కిన్స్ పేరును తన పేరు ప్రక్కన నిలిపెను. సాధారణ వైద్యవృత్తిని విడిచి నలువదికి చేరువలో మరల విద్యార్థియైనవాడు జడ్కిన్స్. తరువాత అతడు రూపొందించిన గుండె గొట్టములు నేటికిని అతని పేరనే వాడుకలో నున్నవి. శిష్యుని పేరు తన పేరు ప్రక్కన నిలువగలుగుట గురువునకు లోటు కాదు.

ఇక మన యింటి మాట. తెలుగు జిల్లాలు మదరాసు రాష్ట్రమున నున్న దినములలో, 1934లో, మదరాసున బార్నర్డ్ రేడియాలజీ సంస్థ వెలసెను. దక్షిణదేశమున ఈ విద్యకది పెద్ద దిక్కయ్యెను. తరువాతి తరమున మనవారిలో ప్రసిద్ధులు డాక్టరు కాకర్ల సుబ్బారావుగారు. ఆయన 1925లో కృష్ణా జిల్లా పెదముత్తేవి గ్రామమున రైతుకుటుంబములో జన్మించిరి. విశాఖపట్టణపు ఆంధ్ర వైద్యకళాశాలలో చదివి, అమెరికాలో రేడియాలజీ నభ్యసించి, 1956లో స్వదేశమునకు వచ్చి హైదరాబాదు ఉస్మానియా వైద్యకళాశాలలో ఆ శాఖను నడిపిరి. 1970లో మరల అమెరికాకు వెడలిరి. ఎముకల వ్యాధులను చిత్రములలో గుర్తించుటలో ఆయన దిట్ట. అచ్చటి తెలుగువారిని ఒక గూటికి చేర్చిన ఉత్తర అమెరికా తెలుగు సంఘమునకు తొలి యధ్యక్షులును ఆయనయే.

నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రిగా నున్నపుడు వారి యాహ్వానముపై ఆయన తిరిగివచ్చి హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థకు సంచాలకులైరి. అప్పటికాయన అఱువదియేండ్లు దాటినవారు. అమెరికాలో కుదురైన ఉద్యోగము, చాలినంత పేరు కలవు. విశ్రాంతి తీసికొనదగిన వయసున, రోగుల బారులు, పరికరముల కొఱత, దస్త్రముల జాప్యము గల పనిని తలకెత్తుకొనిరి. 2000లో పద్మశ్రీ పురస్కారమందిరి. 2021 ఏప్రిలులో తొంబదియాఱేండ్ల వయసున కన్నుమూసిరి. దూరమున నేర్చిన విద్యను దగ్గఱకు తెచ్చి పెట్టుట ఆయన జీవితము చెప్పు పాఠము.

ఇప్పుడు చీకటిగదులు దాదాపు లేవు. చిత్రము కంప్యూటరు తెరపై వెంటనే కనబడుచున్నది. పల్లెలో తీసిన చిత్రమును పట్టణముననున్న వైద్యుడు చదువుచున్నాడు. అనుమానము గల చోటును యంత్రమే చుక్కపెట్టి చూపు కాలము వచ్చినది. అయినను ఆ నాలుగు పంక్తుల క్రింద సంతకము చేయువాడు మనుష్యుడే. కనబడినది కనబడినట్లు, కనబడనిది తెలియదని వ్రాయుట ఆ సంతకపు ధర్మము. ప్రాణాపాయము సూచించు మచ్చ కనబడినపుడు కాగితము దానంతటది పోవునని యూరకుండక, టెలిఫోను చేసి సంబంధించిన వైద్యునికి స్వయముగా చెప్పుట ఆ సంతకపు పెద్దఱికము.

వినువారమైన మనకును ఇందొక కర్తవ్యము కలదు. ఎక్స్‌రేకు గాని స్కానింగునకు గాని పోవునపుడు పాత చిత్రములు వెంట తీసికొనిపోవుదము. గర్భిణియైనచో, ఆ యనుమానమున్నను, ముందుగనే తెలుపవలెను. పరీక్ష యేల అవసరమో అడుగుటకు సంకోచింపరాదు. అవసరమైన పరీక్షకు భయపడనురాదు. ఆ గదిలో మన కంటబడని వైద్యుడొకడు మన చిత్రము ముందు కూర్చుండి యుండును. మనము నిజము చెప్పినచో అతని చూపునకు బలము చేకూరును.