పెరటికి గొలుసు రంపం – ఎంపికలో కొంత రసాయనం

2012 అక్టోబరు 29 రాత్రి శాండీ తుఫాను న్యూజెర్సీ తీరాన్ని తాకినప్పుడు అసంఖ్యాకంగా చెట్లు నేలకొరిగాయి. మరునాటి ఉదయం ఎన్నో ఇళ్ల వాకిళ్లలో విరిగిన కొమ్మలు అడ్డంగా పడి ఉన్నాయి. కరెంటు లేదు. కొద్ది రోజులకే గ్యాసుకూ కరవు వచ్చి, నవంబరు 3 నుంచి పన్నెండు కౌంటీలలో కారు నంబరులోని సరి, బేసి అంకెలను బట్టి రోజు విడిచి రోజు మాత్రమే అమ్మారు. చైన్ సా అని ఇక్కడ పిలిచే గొలుసు రంపాన్ని కొనదలచిన గృహస్థు ఆ వారాన్ని గుర్తుంచుకోవడం మంచిది. ఆరు నెలలు గరాజులో ఊరికే పడి ఉన్న యంత్రం, అవసరపడిన రోజున పనిచేస్తుందా? దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

తెలుగు ఊళ్లలో వేపచెట్టు కూలితే గొడ్డళ్లతో, ఇద్దరు చెరొకవైపు పట్టి లాగే రంపంతో పనివాళ్లు వచ్చేవారు. ఇంటి యజమాని అరుగుమీద కూర్చుని సలహాలిచ్చేవాడు. అమెరికాలో ఆ సేవ ఖరీదైనది గనుక, పని స్వయంగా చేసుకోవాలన్న ఉత్సాహం సహజమే.

గ్యాసుతో నడిచే రంపాలలో సాధారణంగా టూ-స్ట్రోక్ ఇంజను ఉంటుంది. దానికి కారు ఇంజనులో వలె నూనె తొట్టి వేరుగా ఉండదు. కందెన నూనెను ఇంధనంలోనే కలపాలి. నేటి రంపాలలో చాలావాటికి 50 పాళ్ల గ్యాసుకు ఒక పాలు నూనె, అనగా గాలనుకు సుమారు 2.6 ఔన్సులు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. అమెరికాలో అమ్మే గ్యాసులో అధికభాగం పది శాతం వరకు ఎథనాల్ కలిసినదే. ఎథనాల్ అణువులోని హైడ్రాక్సిల్ సమూహానికి నీటితో చెలిమి ఎక్కువ. మూత సరిగా బిగించని డబ్బాలో అది గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. 60 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద నీరు దాదాపు అర శాతానికి చేరితే, ద్రవం రెండు పొరలుగా విడిపోతుంది. చలి పెరిగితే అంతకన్నా తక్కువ నీరే చాలు. పైన గ్యాసు, అడుగున నీరు కలిసిన ఎథనాల్. కలిపిన నూనె పై పొరలోనే నిలిచిపోతుంది. ట్యాంకు అడుగునుంచి ఇంధనం లాగే గొట్టానికి మొదట అందేది నూనె లేని ఆ పొరే! కందెన కరవైతే పిస్టను సిలిండరుకు పట్టేసి, ఇంజను అంతటితో సరి. పొరలు విడిపోకపోయినా, నిలవ గ్యాసులోని కొన్ని హైడ్రోకార్బన్లు ఆక్సిజనుతో చర్య జరిపి జిగురుగా మారి, కార్బురేటరులోని సన్నని రంధ్రాలను మూసివేస్తాయి. కనుక గ్యాసు రంపమే కావాలనుకునేవారు ఎథనాల్ లేకుండా, నూనె కలిపి డబ్బాలలో అమ్మే ఇంధనాన్ని వాడడం మేలు. ధర హెచ్చే, కాని మరమ్మతు ఖర్చు ముందు అదెంత?

లిథియం-అయాన్ బ్యాటరీ రంపానికి ఈ బాధ లేదు. అయితే డబ్బామీది అంకెలను కొంచెం పరీక్షించాలి. ‘40 వోల్టులు’ అన్నది పూర్తిగా ఛార్జి చేసినప్పటి గరిష్ఠ విలువ. వరుసగా కలిపిన పది ఘటాల సగటు 36 వోల్టులే. దానిని 5 ఆంపియర్-గంటలతో గుణిస్తే 180 వాట్-గంటలు. కిలో గ్యాసులో సుమారు 12,000 వాట్-గంటల శక్తి ఉంది. అందులో అధికభాగాన్ని చిన్న ఇంజను వేడిగా వృథాచేసినా, రోజంతా మానులు కోసేవారికి ఈనాటికీ గ్యాసే అనుకూలం. ఏడాదికి రెండుమూడుసార్లు పది అంగుళాల కొమ్మలు కోసుకునే కుటుంబానికి మాత్రం బ్యాటరీయే తగినది. దానిని సగం ఛార్జితో చల్లనిచోట దాచి, తుఫాను హెచ్చరిక వినగానే రెండు బ్యాటరీలను నిండుగా ఛార్జి చేసుకుంటే, కరెంటు పోయినా మొదటి రోజు పని సాగుతుంది. నీరు గడ్డకట్టే చలిలో ఛార్జి చేయరాదు. లోపల లిథియం లోహంగా పేరుకొని బ్యాటరీ పాడవుతుంది.

గొలుసు తిరిగే ఉక్కు పట్టీని బార్ అంటారు. ఇంటి అవసరాలకు 14 లేక 16 అంగుళాల బార్ చాలు. పొడవు పెరిగినకొద్దీ దాని కొనను అదుపులో ఉంచడం కష్టం, అసలు ప్రమాదం ఆ కొనలోనే ఉంది. కొన పైభాగం కొమ్మకు తగిలితే రంపం రెప్పపాటులో పైకి లేచి, వెనుకకు, మనిషి ముఖంవైపు ఎగురుతుంది. దీనిని కిక్‌బ్యాక్ అంటారు. చైన్ బ్రేక్, కిక్‌బ్యాక్‌ను తగ్గించే గొలుసు లేని రంపాన్ని ఎంత చవకగా వచ్చినా కొనరాదు. బ్యాటరీది గదా అని దానిని బొమ్మగా ఎంచడమూ పొరపాటే. తొడలకు కట్టుకునే రక్షణ వస్త్రంలోని పొడవైన పోగులు చక్రానికి చుట్టుకొని గ్యాసు ఇంజనును ఆపుతాయి. విద్యుత్ మోటారు వేగం తగ్గినా బలంగా లాగుతూనే ఉంటుంది గనుక ఆ వస్త్రం దానిని ఆపలేకపోవచ్చు. కట్టుకోవాలి, కాని దానిమీదే భరోసా పెట్టుకోరాదు. తీగలకు తగిలిన చెట్టును, విల్లులా వంగి బిగిసి ఉన్న కొమ్మను నిపుణులకే వదలాలి.

కొన్న తరువాత బార్‌కు తగిన నూనె పోయడం, గొలుసుకు పదును పెట్టడం మిగులుతాయి. చెక్క సన్నని తునకలుగా రాలుతూ ఉంటే గొలుసు పదునుగా ఉన్నట్లు. పిండిలా రాలుతూ, రంపాన్ని నొక్కిపట్టవలసి వస్తే పని ఆపి ఆకురాయి తీయాలి.