నడక దిద్దించుట



నేను వైద్యుడను గాను. ముప్పది యేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. అట్టివాడు ఎముకల శస్త్రచికిత్సకు పిమ్మట బిడ్డలను మరల నడిపించు విధమునుగూర్చి ప్రసంగింప బూనుట సాహసమే. అయినను ఈ విషయమున నాకొక అధికారము కలదు. అది తప్పు చేసి దిద్దుకొన్నవాని అధికారము. నా కూతురి కుమారునికి ఎనిమిదవ యేట రెండు కాళ్లకును శస్త్రచికిత్స జరిగినది. వానికిప్పుడు పదియేండ్లు. నడుమ జరిగిన దానిని దాచక చెప్పినచో ఇట్టి బిడ్డలుగల ఇండ్లకు కొంత మేలు కలుగునని తలచి ఒప్పుకొంటిని.

వాడు నెలలు నిండకమునుపే పుట్టినాడు. తోటి పిల్లలు నడుచు వయస్సునకు వీడు కూర్చుండుటయే కష్టముగా నుండెను. మూడవయేట గోడ పట్టుకొని నిలువగలిగెనుగాని, మడమలు నేలకు ఆనవు. మోకాళ్లు వంగి యొకదానినొకటి ఒరసికొనును. అడుగు వేయబోయిన కాళ్లు కత్తెరవలె పెనవడును. దృష్టి తగిలినదని కొందరు, పోలియో యని కొందరు చెప్పిరి. నా ఉద్యోగపు తొలినాళ్లలో చేతులు నేలనూని తరగతికి ప్రాకుచు వచ్చిన విద్యార్థులను నేనెరుగుదును. వారిది పోలియోయే. మనదేశమున ఆ వ్యాధి కడపటిసారి 2011 జనవరి 13న వంగదేశములోని హౌరా జిల్లా బాలికయందు కనబడినది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతమంతయు పోలియో రహితమని ప్రకటించినది. కావున నేడు చిన్న బిడ్డ కాలు సరిగా సాగకున్నచో కారణము వేరొకచోట వెదుకవలయును.

మావానిది సెరిబ్రల్ పాల్సీ. మస్తిష్క పక్షవాతమని అనువదింపవచ్చును. లోపము కాలిలో లేదు, మెదడులో నున్నది. గర్భమునగాని, ప్రసవ సమయమునగాని, పుట్టిన తొలినాళ్లలోగాని మెదడునకు దెబ్బ తగులును. నెలలు నిండకపోవుట, ప్రాణవాయువు చాలకపోవుట, తీవ్రమైన కామెల వంటివి దానికి హేతువులు. ఆ దెబ్బ పెరుగదు, తరుగదు. కాని మెదడు కండరములకు పంపు ఆజ్ఞ చెడుటచే కొన్ని కండరములు ఎల్లప్పుడు బిగిసియే యుండును. బిడ్డ ఎముక ఏటేట పెరుగును. బిగిసిన కండరము దానితో సమముగా సాగదు. మడమ పైకి లేచుటకును, మోకాలు వంగియుండుటకును కారణమిదియే.

ఈ వ్యాధిని మొదట వివరముగా వర్ణించినవాడు లండనునగరపు వైద్యుడు విలియం జాన్ లిటిల్. ఆయన కథ వినదగినది. బాల్యమున పోలియో సోకి ఆయన పాదమొకటి వంకరపోయినది. యౌవనమున జర్మనుదేశమునకేగి, హానోవరులో స్ట్రొమెయరు అను వైద్యునిచేత 1836లో మడమ వెనుకటి బిగువును కోయించుకొని పాదము సరిచేసికొనెను. పిదప తానే ఆ విద్య నేర్చి స్వదేశమునకు తెచ్చెను. కష్ట ప్రసవములకును, నెలలు నిండని జననములకును, బిడ్డల కాళ్ల బిగువునకును గల సంబంధమును 1861లో అచటి వైద్యసభ యెదుట వివరించెను. చాలకాలము ఈ వ్యాధిని లిటిల్ వ్యాధి యనియే పిలిచిరి.

పండితుడను గనుక ఒక పదవ్యుత్పత్తి చెప్పక మానలేను. ఆర్థోపెడిక్స్ అను మాటను కల్పించినవాడు ఫ్రాన్సుదేశపు ఆంద్రీ యను వైద్యుడు, 1741లో. గ్రీకు భాషలో ఒక పదమునకు ఋజువైనదనియు, రెండవదానికి బిడ్డ యనియు అర్థము. ఎముకల వైద్యమని మనము నేడనుకొను ఆ మాటలో ఎముక లేదు, బిడ్డ యున్నాడు! ఆయన గ్రంథములో ఒక చిత్రము కలదు. వంకర తిరిగిన లేచెట్టును నిటారుగా నున్న గుంజకు త్రాటితో కట్టినట్లు చూపినారు. పులివెందుల వైపు చీనీతోటలు పెట్టినవారికి ఈ చిత్రము చెప్పకయే తెలియును. గుంజ ఒకనాడు పాతి మరునాడు పెరికివేయునది కాదు.

శస్త్రవైద్యుడు చేయునది చెప్పెదను. మడమ వెనుక త్రాడువలె తగులు దానిని మనవారు నరమందురు. అది నరము కాదు, పిక్క కండరమును మడమ ఎముకకు కలుపు బంధము. ఆయుర్వేదమున దానికి కండర యని పేరు. దానిని తగిన మేరకు కోసి పొడవు పెంచుదురు. మోకాలి వెనుక బంధములను గూడ అట్లే సడలింతురు. మితిమీరి సడలించిన కాలు నిలువలేక కూలబడును గనుక, ఆ కొలతయందే వైద్యుని నేర్పంతయు నున్నది. పిమ్మట ఆరు వారములు పిండికట్టు. మావానికి ఆ ఆరు వారములును మన కడప వేసవిలో పడినవి! కట్టులోపల దురద పుట్టి చీపురుపుల్ల దూర్చబోయెను. అది ఎన్నటికిని కూడదు. లోన పుండుపడినను పైకి తెలియదు. కాలివ్రేళ్లు చల్లబడినను, నీలిరంగు తిరిగినను, ఉబ్బినను, నొప్పి అంతకంతకు హెచ్చినను తెల్లవారుదాక ఆగక ఆసుపత్రికి పోవలయును.

ఇక నా తప్పు. భాగవతమున కుబ్జ కథను నేను ఏటేట పిల్లలకు చెప్పినవాడను. పోతన్న మా ఒంటిమిట్టవాడే యని ఈ సీమవారి నమ్మకము, ఓరుగంటివారు కాదందురు, ఆ వాదమిపుడు వలదు. శ్రీకృష్ణుడు ఆమె పాదములపై తన పాదములు మోపి, రెండు వ్రేళ్లతో చుబుకమునెత్తగా ఆమె క్షణములో చక్కనైనది. ఎన్ని చదివినను నా మనస్సులో శస్త్రచికిత్స యన్న అదియే. కట్టు విప్పిననాడు బిడ్డ లేచి నడుచునని కూర్చుంటిని. కట్టు విప్పిరి. కాళ్లు ముందటికంటె సన్నబడి, వాడిన తీగలవలె నుండెను. ముందు గోడ పట్టుకొనియైనను నిలుచుచుండిన బిడ్డ అదియును చేయలేకపోయెను. ఆరు వారములు కదలని కండరము క్షీణించుననియు, ముందటి బలము వచ్చుటకే కొన్ని నెలలు, పూర్తి ఫలము తెలియుటకు ఏడాదియో అంతకు మించియో పట్టుననియు వైద్యుడు ముందే చెప్పియుండెనట. నా కూతురు వినినది. నేను వినలేదు.

ఇంటికి వచ్చిన పిదప వ్యాయామము మొదలైనది. కాలు చాచునప్పుడెల్ల వాడు "తాతా, తాతా" యని ఏడ్చును. కూతురు పళ్లు బిగించి చేయించును. ఆమె పనికి పోయిన తరువాత నేను మానిపించితిని. హాయిగా నుండునని మోకాళ్ల క్రింద దిండు పెట్టితిని. రాత్రి తొడుగవలసిన ప్లాస్టిక్ కాలిపట్టను వాడు ఏడ్చినప్పుడెల్ల విప్పితిని. ఇంటినుండి వీథిలోనికిని, వీథినుండి ఇంటిలోనికిని ఎత్తుకొని తిరిగితిని. చూచినవారు తాత యన్న ఇట్లుండవలయుననిరి, నేనును సంతోషించితిని. మూడు మాసములకు ఆసుపత్రిలో కొలిచి చూడగా మోకాళ్లు మరల పూర్తిగా చాగుట లేదు. కుడి మడమ లేచుట కారంభించినది. ఇట్లే సాగినచో మరల కోత తప్పదనిరి. తత్కాలమునకు కాలిని కొంచెము కొంచెముగా చాచుచు మూడు వారములు మరల పిండికట్లు వేసిరి. నా కూతురు నన్నొక్కమాట అనలేదు. బస్సులో తిరిగివచ్చునంతసేపు కిటికీవైపే చూచుచుండెను.

ఫిజియోథెరపీ చేయించు అమ్మాయి నా కూతురికంటె చిన్నది. నేను పంతులునని తెలిసి ఇట్లడిగినది: "సార్, పలక మీద మీరే రాసిస్తే పిల్లోనికి అక్షరాలొస్తాయా?"

రావు. చేయి పట్టి దిద్దించినను, బలపము వాని వ్రేళ్లలోనే యుండవలయును. ఇన్నేండ్లు ఇతరుల బిడ్డలకు చెప్పిన మాట నా ఇంటిలో నాకు తోచలేదు. శస్త్రము కండరమునకు పొడవు నిచ్చును. బలము నీయదు, నడక నేర్పదు. ఇంతకుముందు మునివ్రేళ్లపై నిలుచుటయే ఎరిగిన మెదడు మడమ ఆనించి నిలుచుటను క్రొత్తగా నేర్చుకొనవలయును. అది వేయిసారులు చేసినగాని పట్టుబడదు.

ఇది పాశ్చాత్యుల మాట మాత్రమే యనుకొనవలదు. సుశ్రుతసంహితలో భగ్నచికిత్స చెప్పుచు, అరచేతి ఎముక అతికిన పిదప రోగి మొదట మట్టిముద్దను, తరువాత ఉప్పుగడ్డను, బలము వచ్చిన పిమ్మట రాతిని పట్టుకొనవలయునని విధించినారు. మట్టి, ఉప్పు, రాయి! మెత్తనిదానినుండి గట్టిదానికి, తేలికనుండి బరువునకు. ఈ భాగమును నేను చదివినవాడనే. పుత్తూరు కట్టును నమ్మిన మన జనులకు కట్టువరకే తెలియును. అది విరిగిన ఎముకకు; మావాని ఎముకలు విరుగలేదు. అందుచేత ఇరుగుపొరుగు వారెంత చెప్పినను అచటికి పోలేదు.

ఇక మేము చేసిన పద్ధతి. దిండు తీసివేసితిమి. ఉదయము ఎండ ఎక్కకముందు, మరల సాయంకాలము, చాపపై వెల్లకిల పరుండబెట్టి, మోకాలు చాచియుంచి, పాదమును మెల్లగా పైకి వంచి పట్టుకొందుము. గుంజరాదు, ఊపరాదు, బిగువు తగిలినచోట ఆగి, ముప్పది లెక్కించునంతసేపు నిలుపవలయును. వానికి అంకెలు విసుగు. వేమన పద్యమొకటి తీరికగా రెండు మారులు చదివిన అంతే కాలమగును. ఆ విధముగా ఏడాదిలో వానికి నలువది పద్యములు నోటికి వచ్చినవి. పిమ్మట అరగంట బోరగిల పరుండి బొమ్మలు చూచును. తుంటియు మోకాలును చాగుటకు అది మంచి ఉపాయము. నూనె మర్దనమును మానలేదు. కాని దానిని వ్యాయామమునకు బదులుగా ఎంచలేదు.

బలమునకు పీటపైనుండి లేచి నిలుచుట. మొదట నా చేతులు పట్టుకొని అయిదుసారులు, నెల దాటిన పిదప ఇరువదిసారులు. పెరటిలో గుంజలు పాతి రెండు వెదురు బొంగులు వాని నడుమెత్తున కట్టించితిమి. వానినడుమ పట్టుకొని నడుచును. ఆ పనికైన ఖర్చు స్వల్పము. ఇంటిలో నాపబండల నేల తడిసిన జారును గనుక ఎప్పటికప్పుడు తుడిచియుంచవలయును. నాకు తోచిన ఉపాయమొక్కటి: పాత నల్లబల్లను గోడకు వాని భుజమెత్తున కొట్టించితిని. వ్రాయవలెనన్న నిలువవలసినదే. లెక్క చేయుచు పది నిమిషములు నిలిచిన సంగతి వానికే తెలియదు. కాలిపట్ట విప్పినప్పుడెల్ల చర్మము చూచుచుంటిమి. ఎర్రని మచ్చ అరగంటలోపల పోకున్నచో పట్ట ఒరసికొనుచున్నదని యర్థము. పట్టను మూలవేయక, చేసినవారి యొద్దకు తీసికొనిపోయి సరిచేయింపవలయును. పిల్లవాడు పెరిగిన కొలది అది చాలకపోవును; మార్పించుటకు జంకరాదు.

నొప్పి లేదనను. బిగువు లాగు నొప్పి వేరు, కాలు విడువగనే తగ్గును. విడిచినను తగ్గని నొప్పియు, వాపును, జ్వరమును వేరు. అట్టివి కనబడినచో వ్యాయామమాపి వైద్యునికి చూపవలయును. ఈ భేదము తెలియకయే నేను ప్రతి ఏడ్పునకును బెదరితిని.

ఎచటికి పోవలెనని అడుగువారికి: కడపలో రిమ్సు అని అందరు పిలుచు ప్రభుత్వ ఆసుపత్రి యున్నది, తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానములవారి బర్డ్ ఆసుపత్రి వికలాంగుల శస్త్రచికిత్సకును పునరావాసమునకును ఏర్పడినదే. సమగ్ర శిక్షవారి భవిత కేంద్రముల సంగతి మీ మండలపు పాఠశాలలో అడుగుడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున సెరిబ్రల్ పాల్సీ చేరియున్నది. నూటికి నలువది వంతులకు తగ్గని వైకల్యము గల బిడ్డకు ఆరు మొదలు పదునెనిమిదేండ్లవరకు ఉచిత విద్య హక్కు. కట్టు విప్పిన వెంటనే బడికి పంపుడు. ఆటస్థలమున తోటి పిల్లలు చేయించు వ్యాయామము ఏ తాతయు చేయింపలేడు.

మావాడు పరుగెత్తడు. మెదడులోని దెబ్బను ఏ శస్త్రమును మాన్పలేదు గనుక, పరుగెత్తునని మాకెవరును మాట ఇయ్యలేదు. ఎముకలు త్వరగా పెరుగు వయస్సు ఇక ముందున్నది. అప్పుడు బిగువు మరల రావచ్చును, ఆరు నెలలకొకసారి కొలిపింపవలసినదే. ఇప్పుడు కాలిపట్టలు తొడిగి, చేతికర్రతో, మడమలానించి నడుచుచున్నాడు. మొన్నటి ఉగాదినాడు పచ్చడికి వేపపూత తానే తెచ్చెదనని వీథిచివర చెట్టుదాక పోయెను. క్రిందికి వ్రాలిన కొమ్మనుండి కోసికొని జేబులో వేసికొని తిరిగి వచ్చుటకు ఇరువది నిమిషములు పట్టినది. నేను అరుగుపై కూర్చుండి చూచుచుంటిని. రెండుమారులు లేవబోయి మరల కూర్చుంటిని.