ఫుట్‌బాల్ లీగ్‌కు విరామం ఎందుకు?

కంప్యూటర్‌లో ‘ఫుట్‌బాల్ మేనేజర్’ ఆడేవాళ్లు మన హాస్టల్‌లోనూ ఉన్నారు. 1992లో ‘ఛాంపియన్‌షిప్ మేనేజర్’ పేరుతో మొదలైన ఈ ఆటను దాని తయారీదారులు 2004 నుంచి ఈ పేరుతో తెస్తున్నారు. ఇందులో మనం బంతి తన్నం, జట్టును నడుపుతాం. ఎడిటర్ సాయంతో సొంతంగా లీగ్‌ను కూడా తయారు చేయవచ్చు. అక్కడే అసలు చిక్కు వస్తుంది. తేదీలు చూసుకోకుండా మ్యాచ్‌లు పెడితే, మన మంచి ఆటగాళ్లు దేశం తరఫున ఆడటానికి వెళ్లిన రోజునే మన కీలకమైన మ్యాచ్ వచ్చి పడుతుంది.

ఈ చిక్కు కంప్యూటర్‌కే పరిమితం కాదు. ఆటగాడికి జీతం ఇచ్చేది క్లబ్బు, పిలిచేది దేశం. ఇద్దరి మధ్య తగాదా రాకుండా ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా ముందుగానే కొన్ని రోజులను కేటాయిస్తుంది. వీటినే అంతర్జాతీయ విరామాలు అంటారు. 2024లో ఇవి మార్చి, జూన్, సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్ నెలల్లో వచ్చాయి. 2026 నుంచి సెప్టెంబర్, అక్టోబర్ విరామాలను కలిపి నాలుగు మ్యాచ్‌లకు సరిపడే ఒకే పెద్ద విరామంగా మార్చారు. ఆ రోజుల్లో ఆటగాడిని పంపడం క్లబ్బు విధి. మిగతా రోజుల్లో పంపాలన్న నిర్బంధం సాధారణంగా లేదు.

మన నగరంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. 2024లో డ్యూరాండ్ కప్ ఫైనల్ ఆగస్టు 31న ముగిసింది. సెప్టెంబర్ 2 నుంచి 10 వరకు ఫిఫా విరామం. ఆ రోజుల్లోనే గచ్చిబౌలిలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగింది. 3న భారత్ మారిషస్‌తో 0–0 డ్రా చేసుకుని, 9న సిరియా చేతిలో 0–3తో ఓడింది. ఇండియన్ సూపర్ లీగ్ సెప్టెంబర్ 13న మొదలైంది. ఒకదాని కాలు ఇంకొకటి తొక్కలేదు.

2023లో దీనికి పూర్తిగా భిన్నంగా జరిగింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడలు ఫిఫా విరామంలో లేవు. సెప్టెంబర్ 19న చైనాతో మ్యాచ్, 21న సూపర్ లీగ్ ప్రారంభం. ముందు ప్రకటించిన జట్టులోని చాలామందిని క్లబ్బులు పంపలేదు. దొరికినవాళ్లతో మ్యాచ్‌కు ముందు రోజు అక్కడికి చేరిన జట్టు 1–5తో ఓడిపోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్న సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1951లోనూ 1962లోనూ ఇవే ఆసియా క్రీడల్లో భారత్ స్వర్ణం గెలిచింది. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. క్లబ్బు బలం దేశానికి అందితేనే అలాంటి ఫలితాలు వస్తాయి.

మరి మన క్యాంపస్‌లో లీగ్ పెట్టుకుంటే ఎలా? ఎనిమిది హాస్టల్ జట్లు ఉన్నాయనుకుందాం. ఒక్కో జట్టు మిగతా ఏడింటితో ఒక్కోసారి ఆడితే మొత్తం 28 మ్యాచ్‌లు. ఒక జట్టును కదలకుండా ఉంచి, మిగతా ఏడింటినీ గడియారం ముల్లులా ఒక్కో స్థానం జరుపుతూ పోతే ఏడు రౌండ్లు తయారవుతాయి. ప్రతి శని, ఆదివారాల్లో రెండేసి మ్యాచ్‌లు పెడితే ఏడు వారాలు చాలు. అయితే క్యాలెండర్‌లో ముందుగా గుర్తు పెట్టవలసింది మ్యాచ్‌లు కాదు, ఆడకూడని రోజులు. సెమిస్టర్ పరీక్షలు, దసరా, సంక్రాంతి సెలవులు, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు, వాటి శిక్షణ శిబిరం – వీటిని మొదట కొట్టివేయాలి. వాన కోసం ఒక వారం ఖాళీగా ఉంచాలి. ఆ తర్వాత మిగిలిన వారాల్లోనే రౌండ్లు నింపాలి.

తార్నాక నుంచి ఆర్ట్స్ కాలేజీ వైపు నడిచే మనలో చాలామందికి ఆటే ఒక దారి. యూనివర్సిటీ జట్టుకు ఎంపికైన కుర్రాడికి ఆ సర్టిఫికెట్ రేపటి ఉద్యోగానికి ఆసరా కావచ్చు. “హాస్టల్ ఫైనల్ వదిలి పోతావా?” అని అతన్ని ఇరకాటంలో పెట్టడం న్యాయం కాదు. అతను తిరిగి వచ్చేదాకా ఫైనల్ ఆపితే మన లీగ్‌కు పోయేదేమీ లేదు. వచ్చే ఏడాది పోటీలు నిర్వహించే మిత్రులు పెన్ను పట్టేముందు క్యాలెండర్ పట్టాలని కోరుతున్నాను.