ఆడని ఆట

ఘానా దేశపు పతాకమునందు ఎరుపు, పసిడి, ఆకుపచ్చ వన్నెల మూడు అడ్డపట్టీలు కలవు. నడిమి పసిడి పట్టీమీద నల్లని నక్షత్రమొకటి కనబడును. నక్షత్రము నల్లగా నుండుట లోకానుభవమునకు విరుద్ధము, కవిసమయమునకును విరుద్ధమే. అయినను ఆ చిహ్నము ఊరక పుట్టినది కాదు. జమైకాలో జన్మించిన మార్కస్ గార్వీ 1919లో అమెరికాయందు నల్లవారి సొంత ఓడల సంస్థ నొకదానిని నెలకొల్పి దానికి 'బ్లాక్ స్టార్ లైన్' అని పేరిడెను. సంస్థ కొలదికాలములోనే చితికిపోయినది గాని పేరు నిలిచినది. 1957 మార్చి 6వ తేదీన గోల్డ్ కోస్ట్ అను ఆంగ్లేయుల వలసరాజ్యము ఘానా యను స్వతంత్ర దేశమైనపుడు ఆ నక్షత్రము పతాకమున కెక్కినది. ఆ దేశపు ఫుట్‌బాల్ జట్టునకు పేరును అదియే అయినది: బ్లాక్ స్టార్స్, అనగా నల్ల నక్షత్రములు.

అంతకుముందటి కథ వేరు. 1951లో గోల్డ్ కోస్ట్ జట్టు బ్రిటను, ఐర్లండు దేశములకు పోయినపుడు ఆటగాండ్రు చాలవరకు వట్టికాళ్ళతోనే ఆడిరి. 1948 లండన్ ఒలింపిక్ క్రీడలలో ఫ్రాన్సు నెదుర్కొన్న భారత జట్టులోను పెక్కురు వట్టికాళ్ళవారే. పాలకుల గడ్డపై పాలితుల ఆట ఒక వింతగా తోచిన దినములవి. ఆ వింతచూపును గౌరవముగా మార్చవలెనన్నది స్వతంత్ర ఘానా నాయకుడు క్వామే ఎన్‌క్రూమా సంకల్పము. ఆఫ్రికా స్వాతంత్ర్యము, ఆఫ్రికా ఐక్యము అని సభలలో తాను చెప్పిన మాటలకు మైదానమున ఆయన ఋజువు కోరెను. ఆ పనిని క్రీడాశాఖాధిపతి ఓహెనే జాన్ చేతిలో పెట్టెను.

జాన్ పట్టినపట్టు విడువనివాడు. 1960ల ఆరంభమున దేశములోని సంఘములనుండి మేటి ఆటగాండ్రను ఏరి 'రియల్ రిపబ్లికన్స్' అను కొత్తజట్టును కూర్చెను. తమ మేలిరత్నములను పోగొట్టుకొన్న సంఘములు కినిసినవి. కుమాసీ నగరపు అసాంతే కొటొకో వానిలో ముఖ్యమైనది. ఆ కినుక అకారణము కాదు. ఎన్‌క్రూమా పాలనలో 1958లోనే విచారణలేని నిర్బంధమునకు చట్టము వచ్చినది. 1964లో దేశము ఏకపక్ష రాజ్యమైనది. ఆటలోను అధికారపు చేయి కనబడుచునే యుండెను. కాని ఆ చేయి పెంచిన దేశజట్టు మాత్రము నిజముగా గొప్పది. అంతకుముందు వరుసగా ఐదుసార్లు యూరపు విజేతయైన రియల్ మాడ్రిడ్ 1962 ఆగస్టులో అక్రాకు రాగా, నల్ల నక్షత్రములు 3-3తో సమముగా నిలిచినవి.

శిక్షకుడు చార్లెస్ కుమి జ్యాంఫీ. 1960లో జర్మనీలోని ఫోర్టునా డ్యూసెల్‌డార్ఫ్ సంఘమున ఆడి వచ్చినవాడు. అతని శిక్షణలో జట్టు 1963 డిసెంబరు 1వ తేదీన అక్రాలో సూడానును 3-0తో గెలిచి ఆఫ్రికా కప్పును తొలిసారి చేపట్టినది. 1964 టోక్యో ఒలింపిక్ క్రీడలలో అర్జెంటీనాతో 1-1గా సమమై క్వార్టర్ ఫైనలు వరకు పోయినది. 1965 నవంబరులో ట్యూనిస్ నగరమున ఆతిథేయులైన ట్యునీసియావారినే అదనపు కాలమున 3-2తో ఓడించి కప్పును నిలుపుకొన్నది. అప్పటికి జట్టులో పలువురు కొత్తవారే. పాతనీరు పోయి కొత్తనీరు వచ్చినను ప్రవాహబలము తగ్గలేదు.

ఈ విజయములలో పాలుపంచుకొనవలసిన ఒకడు లేడు. కుడివైపునుండి మెరుపువలె దూసుకొనిపోవు బాబా యారా 1963 మార్చిలో ఒక ఆట ముగించుకొని తిరిగివచ్చుచుండగా జరిగిన బస్సు ప్రమాదమున వెన్నెముక దెబ్బతిని మరల నడువలేకపోయెను. 1969లో మరణించెను. కుమాసీలోని క్రీడామైదానమునకు తరువాతికాలమున అతని పేరు పెట్టిరి. అతని ఆటను ఆపినది విధి. మరుసటి యేడు జట్టంతటి దారికి అడ్డువచ్చినది మాత్రము విధి కాదు, మనుష్యుల నిర్ణయము.

1966లో ఇంగ్లండులో జరుగవలసిన ప్రపంచ కప్పు పోటీలకు 16 స్థానములుండెను. 1964లో ప్రపంచ సమాఖ్యయైన ఫిఫా చేసిన పంపకమున యూరపునకు 10, దక్షిణ అమెరికాకు 4, ఉత్తర మధ్య అమెరికాలకు 1 దక్కినవి. మిగిలిన ఒక్క స్థానము ఆఫ్రికా, ఆసియా, ఓషియానియాలకు ఉమ్మడిగా విదిలింపబడినది. ఆఫ్రికాలో గెలిచినవాడు మరల ఆసియాలో గెలిచినవానితో పోరవలెను. వర్ణవివక్ష పాటించు దక్షిణాఫ్రికాను 1963లో ఫిఫా మరల చేర్చుకొనుట పుండుమీద కారమైనది. ఘానా పక్షమున జాన్, ఇథియోపియా పక్షమున టెసెమా ముందు నిలిచిరి. ఎన్‌క్రూమా వారికి అండయైనాడు. ఆఫ్రికాకు ఒక్క స్థానమైనను నేరుగా ఇయ్యనిచో ఆడబోమని ఆఫ్రికా సమాఖ్య తేల్చిచెప్పినది. ఫిఫా కదలలేదు. బరిలోనున్న ఆఫ్రికా జట్లు పదునైదును తప్పుకొన్నవి.

గెలుపుమీద ఆశలేనివాడు ఆడననుట సులభము. ఆఫ్రికా విజేతయైన ఘానాకు ఆ మాట అనుట కడుపుకోత. ఫుట్‌బాల్ ఆటగాని ప్రాయము పూవువంటిది. నాలుగేండ్ల కొకమారు వచ్చు పోటీ తప్పినచో మరుసటి పోటీనాటికి కాళ్ళలో ఆ వేగముండదు. నిర్ణయము సమాఖ్యలది, ప్రభుత్వములది. వెల చెల్లించినవారు ఆటగాండ్రు. ఏ త్యాగకథయందైనను త్యాగము చేయించినవారి పేర్లు ముందు వినబడును; చేసినవారి పేర్లు వెదకుకొనవలసి వచ్చును.

ఆ ఒక్క స్థానమును ఆస్ట్రేలియాను గెలిచి ఉత్తర కొరియా పొందినది. ఇంగ్లండులో అది ఇటలీని 1-0తో ఓడించి లోకమును నివ్వెరపరచినది. తరువాత పోర్చుగల్‌పై 3-0 ఆధిక్యమునకు వచ్చియు 5-3తో ఓడినది. ఆ ఐదు గోళ్ళలో నాలుగు యుసేబియోవి. ఆ పోటీలన్నిటిలో 9 గోళ్ళు చేసి అతడే అగ్రగణ్యుడైనాడు. అతడు పుట్టినది నాడు పోర్చుగీసు వలసయైన మొజాంబిక్‌లో. ఆఫ్రికా దేశ మొక్కటియు లేని పోటీలో అందరికంటె మిన్నగా ఆడిన కాళ్ళు ఆఫ్రికావి. తొడిగిన అంగీ పాలకులది. జాన్ వాదమునకు ఇంతకుమించిన సాక్ష్యము వేరొకటి యక్కరలేదు.

కాని ఆ సాక్ష్యమును చూచునాటికి ఎన్‌క్రూమా పదవిలో లేడు. 1966 ఫిబ్రవరి 24వ తేదీన సైన్యము ఆయనను కూలద్రోసినది. గినీ దేశమున తలదాచుకొని, 1972లో బుకారెస్టులో కన్నుమూసెను. రియల్ రిపబ్లికన్స్ జట్టు రద్దయినది.

నాటిన చెట్టు కాచినది. 1970 మెక్సికో పోటీలలో ఆఫ్రికాకు నేరుగా ఒక స్థానము లభించినది. ఆ తొలి ఫలమును అనుభవించినది ఘానా కాదు, మొరాకో. ఘానా ప్రపంచ కప్పున అడుగిడుటకు 2006 వరకు ఆగవలసివచ్చినది. 2010లో జొహానెస్‌బర్గ్‌లో ఉరుగ్వేతో క్వార్టర్ ఫైనలున అదనపు కాలపు చివరి క్షణమున గోలులోనికి పోవు బంతిని సువారెజ్ చేతితో ఆపెను. లభించిన పెనాల్టీని అసమోవా జ్యాన్ కొట్టగా బంతి అడ్డుకమ్మికి తగిలి పైకెగిరినది. ఆఫ్రికా దేశమేదియు అంతవరకు చేరని సెమీఫైనలు గడపవద్ద ఘానా ఆగిపోయినది. 2014 బ్రెజిల్ పోటీలలో ఆటగాండ్రు రావలసిన సొమ్మునకై పట్టుపట్టగా, ప్రభుత్వము 30 లక్షల డాలర్లకు మించిన నగదును విమానమున పంపినది. దానినిచూచి పాతవారి త్యాగముతో పోల్చి కొత్తవారిని నిందించుట తేలిక. కాని వెల చెల్లించువాడు ఎల్లప్పుడును ఆటగాడే కావలెనను నియమము ఎక్కడిది?

2022లో మొరాకో ఆ సెమీఫైనలు గడప దాటినది. 2026 పోటీలకు ఆఫ్రికాకు నేరుగా 9 స్థానములు కేటాయింపబడినవి. 1966 పోటీల ఫలితముల పట్టికలో ఘానాకు గెలుపును లేదు, ఓటమియు లేదు. ఆ తొమ్మిది స్థానములలో మొదటిదానిని సంపాదించినది ఆ ఆడని ఆటయే.