చిన్న ఒంటికి పెద్ద మెషీన్

పది కిలోల పసివాడి ఒంట్లో ఉండే రక్తం సుమారు 800 మిల్లీలీటర్లు. డయాలసిస్ నడుస్తున్నప్పుడు అందులో పదో వంతు, అంటే 80 మిల్లీలీటర్లకు మించి గొట్టాల్లో, ఫిల్టర్‌లో ఉండకూడదని పిల్లల కిడ్నీ డాక్టర్లు లెక్క చూస్తారు. పెద్దల గొట్టాలూ ఫిల్టరూ నిండాలంటే దానికి రెట్టింపు పైనే కావాలి. అందుకే పెద్దవాళ్ల సెంటర్లో పిల్లవాణ్ణి పడుకోబెట్టి మెషీన్ ఆన్ చేస్తే సరిపోదు.

హైదరాబాద్‌లో శ్రీనగర్ కాలనీ దాటి పంజాగుట్టకు వస్తే నిమ్స్ ఆస్పత్రి. కిడ్నీ జబ్బుతో జిల్లాల నుంచి వచ్చేవాళ్లకు ఏళ్లుగా తెలిసిన చోటు. అవయవదానం చూసే జీవన్‌దాన్ కూడా ఇక్కడి నుంచే నడుస్తుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేదింటి మీద డయాలసిస్ ఖర్చు భారం తగ్గించింది. సమయం సమస్యే తీరలేదు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. రానుపోను కలుపుకుంటే ఆ రోజు బడి లేనట్టే.

పిల్లల్లో కిడ్నీలు పాడవడానికి బీపీ, షుగర్ కారణం కావడం అరుదు. పుట్టుకతోనే కిడ్నీలు సరిగా ఎదగకపోవడం, మగపిల్లల్లో మూత్రం దారికి అడ్డుపొర, మందులకు లొంగని నెఫ్రోటిక్ సిండ్రోమ్ (మూత్రంలో ప్రొటీన్ పోయే జబ్బు) లాంటివే ఎక్కువ. మగబిడ్డ ముక్కుతూ, సన్నటి ధారగా మూత్రం పోస్తుంటే ఆలస్యం చేయకూడదు.

బడి పోకుండా ఉండే దారి ఒకటుంది: పెరిటోనియల్ డయాలసిస్. కడుపులోకి మెత్తటి గొట్టం అమర్చి, ద్రవం నింపి, కొన్ని గంటలాగి తీసేస్తారు. కడుపు లోపలి పొరే ఫిల్టర్‌గా పనిచేస్తుంది. రక్తం బయటికి రాదు, సూదిపోటు లేదు. ద్రవాన్ని తనంతట తానే మార్చే సైక్లర్ మెషీన్ ఉంటే బిడ్డ నిద్రలో ఉండగానే పని అయిపోతుంది. ఇంట్లో చేయాల్సింది తల్లిదండ్రులే కాబట్టి శుభ్రత విషయంలో వాళ్లకు మంచి శిక్షణ కావాలి. బయటికొచ్చిన ద్రవం మడ్డిగా కనిపిస్తే ఇన్‌ఫెక్షన్ అనుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంట్లోనే డయాలసిస్ అనేది కొత్త సంగతి కాదు. 1960ల్లో అమెరికాలోని సియాటిల్‌లో డయాలసిస్ ఎవరికివ్వాలో ఒక కమిటీ తేల్చేది. పిల్లలకు అందులో చోటు లేదు. అలా కమిటీ కాదన్న ఒక టీనేజ్ అమ్మాయి కోసం 1964లో అక్కడి ఇంజినీర్లు ఇంట్లో పెట్టుకునే మెషీనే తయారుచేశారు. మన దగ్గర కేంద్రం 2016లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రకటించింది, 2019లో పెరిటోనియల్ పద్ధతికీ మార్గదర్శకాలిచ్చింది. అయినా సెంటర్లు పెరిగినంతగా ఇంటి డయాలసిస్ పెరగలేదు. దీనివల్ల ఎక్కువ నష్టపోతున్నది పిల్లలే.

తిండి దగ్గరా వీళ్లది ఇరకాటమే. పొటాషియం పెరుగుతుందని అరటిపండు, కొబ్బరినీళ్లు వద్దంటారు. ఎదగాలంటే మాత్రం కడుపునిండా తినాలి, ప్రొటీన్ అందాలి. డైటీషియన్ లేకుండా ఈ లెక్క కుదరదు.

బిడ్డ పది కిలోలు దాటితే చాలాచోట్ల కిడ్నీ మార్పిడి గురించి ఆలోచిస్తారు. తల్లో తండ్రో కిడ్నీ ఇవ్వగలిగితే కొందరికి అసలు డయాలసిస్ మొదలుపెట్టకముందే మార్పిడి చేయవచ్చు. ఆ సంగతి డాక్టర్‌ను తొలిరోజుల్లోనే అడగాలి.